నాంపల్లి టేషన్ల దిగిన తప్పిపోయిన కుమారుడు

ఆదివారం ఆబిడ్స్‌లో చాలా దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. ఎంట్రెన్సు గైడ్లు, వెన్ను విరిగిన నిఘంటువులు, ఇంగ్లిషు డిటెక్టివ్ నవలలు, ఉర్దూ షాయరీ, మధ్యమధ్య మన తెలుగు పుస్తకాలు. పొద్దుటి ఆరాధన కాగానే బైబిలు సంచీ భుజాన వేసుకుని నేను నేరుగా అక్కడికే పోతాను. ముప్పై అయిదేళ్ల అలవాటు. అన్నం చల్లారిపోతోందని మా ఆవిడ సణుగుడు కూడా అంతే పాతది.

మొన్నామధ్య ఒక ఆదివారం, నాకు అలవాటైన పుస్తకాల కుర్రాడు "సార్, మీ చర్చి పాటల కితాబ్ ఒకటొచ్చింది, పక్కకు పెట్టిన" అని చేతికిచ్చాడు. అట్ట లేదు. మొదటి పేజీలు లేవు. అయినా తెరవగానే తెలిసిపోయింది. ప్రతి పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు.

"ఎంత?"

"యాభై ఇయ్యండి సార్."

"అట్టే లేదు కదయ్యా."

"అట్ట లేదనే కదా సార్ యాభై. ఉంటే నూరు."

నలభైకి తెగింది. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ యూదుడి దుకాణం వల్ల ఈ పేటకు ఆబిడ్స్ అని పేరొచ్చింది. యూదుడి పేరున్న వీధిలో, ముస్లిం కుర్రాడి దగ్గర, క్రైస్తవ కీర్తనల పుస్తకం బేరమాడి కొన్నాను. హైదరాబాద్‌లో ఇది వింతేమీ కాదు.

ఇంటికొచ్చి పేజీలు తిప్పుతుంటే ఒక కీర్తన పక్కన పెన్సిలుతో రాసిన ఒక్క మాట కనబడింది. "అమ్మది." అంతే. ఎవరి అమ్మో తెలియదు. ఆమె పాడుకునే పాటా, లేక ఆమెను సాగనంపిన రోజు పాడిన పాటా? పుస్తకం ఫుట్‌పాత్ మీదికి ఎట్లా చేరింది? ఆ రోజు అన్నం నిజంగానే చల్లారిపోయింది.

ఆ వారమే మా చర్చి యూత్‌లో ఒకబ్బాయి ఆపి అడిగాడు. "అంకుల్, మీరు కథలు రాస్తారంట కదా. నాకూ రాయాలని ఉంది. క్రైస్తవ కథ అంటే ఎట్లా ఉండాలె? చివర్లో వాక్యం పెట్టాలా?"

నిలబడి చెప్పే జవాబు దొరకలేదు. కూర్చుని రాస్తున్నాను.

రెండు గదులు, ఒకే మాట

నేను బతుకుతెరువుకు స్టెనో టైపిస్టుని. ఉద్యోగంలో ఎక్కువ కాలం నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో గడిచింది. రిటైరై కొన్నేళ్లయింది. కథలు రాయడం మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, అందరూ పడుకున్నాక.

కోర్టులో సాక్షి బోనెక్కి దేవుని మీద ప్రమాణం చేసి చెబుతాడు. అది తెలుగులో కావచ్చు, ఉర్దూలో కావచ్చు, రెండూ కలిసిన మన హైదరాబాదీలో కావచ్చు. జడ్జిగారు దాన్ని ఇంగ్లిషులో డిక్టేట్ చేస్తారు. నేను టైపు కొట్టాలి. మొదట రెమింగ్టన్ మిషను, తర్వాత కంప్యూటరు. ఎదుటి వకీలు "నువ్వు ఆ రోజు అక్కడ లేనే లేవు కదా" అంటాడు. సాక్షి "లే సార్, ఉన్న" అంటాడు. కాగితం మీద అది "ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్" అని మొదలయ్యే వాక్యమవుతుంది. ఆ ఏడు మాటలు నా జీవితంలో ఎన్ని వేలసార్లు కొట్టానో లెక్కలేదు. ఇప్పటికీ నిద్రలో వేళ్లు వాటంతటవే కదులుతాయని మా ఆవిడ అంటుంది.

ఆదివారం చర్చిలోనూ అదే మాట వినబడుతుంది. సాక్ష్యం. "సాక్ష్యం చెప్పాలనుకునేవాళ్లు ముందుకు రండి" అంటారు అయ్యగారు. ఉద్యోగమొచ్చినవాళ్లు, జబ్బు నయమైనవాళ్లు, తాగుడు మానినవాళ్లు వచ్చి మైకు పట్టుకుంటారు.

వారంలో ఆరు రోజులు ఒక గదిలో సాక్ష్యం, ఏడో రోజు ఇంకో గదిలో సాక్ష్యం. రెండూ విని విని నాకొక తేడా కనబడింది. కోర్టులో సాక్షిని విడిచిపెట్టరు. ఎన్ని గంటలకు, ఎంత దూరం నుంచి, దీపం వెలుగుతోందా, నువ్వేం చేస్తున్నావు అని తవ్వుతారు. చర్చిలో తవ్వేవాళ్లుండరు. అందుకని చాలా సాక్ష్యాలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముందు పాపిని, ఇప్పుడు రక్షణ పొందాను. నడుమ జరిగినదేదో రెండు మాటల్లో తేలిపోతుంది. కథ ఉండేది ఆ నడుమనే. తాగుడు మానినాయన మానిన మూడో రోజు రాత్రి కల్లు దుకాణం ముందు నుంచి ఎట్లా నడిచాడు? ఏ సందులోంచి చుట్టు తిరిగి ఇంటికి పోయాడు? ఆ సందు పేరు చెబితే నేను నమ్ముతాను.

1872 నాటి సాక్ష్యాధారాల చట్టంలో ఒక గట్టి నియమం ఉండేది. కంటితో చూడదగిన సంగతైతే చూసినవాడే చెప్పాలి. చెవితో వినదగినదైతే విన్నవాడే చెప్పాలి. 2024 జులై 1 నుంచి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చినా నియమం పోలేదు. కథ రాసేవాడికి ఇంతకన్నా మంచి గురువు నాకు తెలియదు.

లూకా కూడా ఇట్లాంటివాడే. సంప్రదాయం ఆయన్ని వైద్యుడంటుంది. యేసును కళ్లారా చూసినవాడు కాదు. అందుకే సువార్త మొదట్లోనే తన పద్ధతి చెప్పుకుంటాడు. కళ్లారా చూసినవాళ్లు అప్పగించిన సంగతులున్నాయి, అన్నీ మొదటినుంచి జాగ్రత్తగా విచారించాను, వరుసగా రాస్తున్నాను అని థెయొఫిలాకు విన్నవించుకుంటాడు. మంచి సమరయుడి కథ, తప్పిపోయిన కుమారుడి కథ నాలుగు సువార్తల్లో లూకాలో తప్ప ఇంకెక్కడా లేవు. ఆయన తిరిగి, అడిగి, రాసిపెట్టకపోతే ఆ రెండు కథలూ మనకు దక్కేవి కావు.

కాగితం మీదికి ఎక్కని పుండు

ఏ కోర్టో, ఏ సంవత్సరమో చెప్పను. ఆకుకూరలమ్మే ఒక ముసలమ్మ బోనెక్కింది. పొద్దున్నే మార్కెట్‌కు పోతుంటే ఎవడో ఆమె పైసల సంచి గుంజుకుని ఉరికాడు. ముద్దాయి ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో.

వకీలు అడిగాడు: "అవ్వా, సంచి గుంజినోడు ఏ రంగు అంగీ తొడుక్కున్నడు?"

"రంగు యాద్ లేదు బిడ్డా. వాడు గుంజుతుంటే చెయ్యి చూసిన. బొటనేలు కాడ పుండు. చీము పట్టింది. గుడ్డ గూడ కట్టుకోలె."

అడిగింది అంగీ రంగు. కనక కాగితం మీదికి ఎక్కింది ఒకే వాక్యం. చొక్కా రంగు నాకు గుర్తులేదు. ఎవరి తప్పూ లేదు. ప్రశ్నకు జవాబు అంతే. తర్వాతి ప్రశ్నకు పోయారు.

అయిపోయాక వాంగ్మూలం చదివి వినిపించి, సరేనంటే వేలిముద్ర తీసుకోవాలి. చదివాం. తలూపింది. వేలిముద్ర వేసింది. దిగిపోతూ నా బల్ల దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగింది.

"నాయనా, ఆ పిలగానికి మందు పెట్టిచ్చిన్రా?"

నేనేమీ అనలేకపోయాను. ఆమె కొంగుతో బొటనవేలి సిరా తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆమె ఏ మతస్థురాలో నాకు తెలియదు, అడగలేదు. కానీ ఆ రాత్రి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు నా చేతులు మొదట కొట్టింది ఆ పుండు గురించే. కోర్టుకు పనికిరానిదే నాకు పనికొచ్చింది.

వకీలు నిర్వచనం అడిగితే

మంచి సమరయుడి కథ ఎట్లా పుట్టిందో చాలామందికి గుర్తుండదు. అది ప్రసంగంలో వచ్చిన కథ కాదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో వచ్చిన కథ. ధర్మశాస్త్రం ఔపోసన పట్టినాయన ఒకడు లేచి యేసును పరీక్షించాడు. పొరుగువాణ్ని ప్రేమించాలంటున్నావు, సరే, నా పొరుగువాడెవడు? వకీలు అడగాల్సిన ప్రశ్నే. మాటకు హద్దులు గీయమంటున్నాడు. ఎక్కడిదాకా పొరుగు, ఎక్కడినుంచి కాదు?

యేసు నిర్వచనం చెప్పలేదు. ఒక దారి చూపించాడు. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి. దెబ్బలు తిని పడిపోయిన ఒక మనిషి. యాజకుడు పక్కనుంచి పోయాడు. లేవీయుడు పక్కనుంచి పోయాడు. ఆగినవాడు సమరయుడు, ఆ వింటున్నవాళ్లు గడప తొక్కనివ్వని జాతివాడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి, కట్టు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకుని తీసుకుపోయి, ఖర్చులకు రెండు దేనారాలు ఇచ్చాడు. ఎంత ఇచ్చాడో కూడా చెప్పిన కథ ఇది. చివర తీర్పు చెప్పలేదు. ఈ ముగ్గురిలో పొరుగువాడెవడని నీకు తోస్తోందని ఆ వకీలునే ఎదురు అడిగాడు.

ఇందులో తెలుగు అనువాదం పనితనం ఒకటుంది. ఆ గాయపడినవాణ్ని చేర్చిన చోటికి మన బైబిలు అనువాదకులు పెట్టిన మాట 'పూటకూళ్లవాని ఇల్లు'. హోటళ్లు, లాడ్జీలు లేని రోజుల్లో పరదేశికి పూటకింత తీసుకుని అన్నంపెట్టే ఇల్లు మన ఊళ్లలో ఉండేది. ఆ ఒక్క మాటతో యెరికో దారి గుంటూరు దారయింది, మెదక్ దారయింది. సండే స్కూల్లో ఆ మాట దగ్గరికి రాగానే నాకు మా ఊరి బస్టాండు ఎదుట రేకుల కప్పు కింద మెతుకులు ఏరుకునే కోళ్లు కనిపించేవి.

అమ్మ చెప్పిన కథ

మాది మెదక్ పక్క ఊరు. కరువు కాలంలో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ దొర జనానికి కూలి కింద తిండిగింజలిచ్చి కట్టించిన పెద్ద గుడి మా ప్రాంతానికంతా గుర్తు. పదేళ్లు కట్టారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మా తాత దానికి రాళ్లు మోశాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. గుడిలో మూడు అద్దాల కిటికీలున్నాయి. యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం. బయట ఎండ ఉన్నంతసేపే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దుగూకితే గాజు నల్లబడుతుంది.

మా అమ్మకు చదువు రాదు. ఆమె చదివిన బైబిలు ఆ కిటికీలు, ఉపదేశి చెప్పే కథలు, జాతరకు వచ్చినట్టు ఊరంతా వచ్చి వినే క్రైస్తవ బుర్రకథ. విన్నదాన్ని ఆమె ఉన్నదున్నట్టు చెప్పేది కాదు. రాత్రి వాకిట్లో మంచమేసి, మా అన్నదమ్ములిద్దర్నీ చెరోపక్క పడుకోబెట్టుకుని తప్పిపోయిన కుమారుడి కథ ఇట్లా ఎత్తుకునేది.

"ఒక పటేలుకు ఇద్దరు కొడుకులు. చిన్నోడు నా పాలు నాకు పంచియ్యిమన్నడు. బర్లనమ్మిండు, పొలమమ్మిండు, పైసలు నడుముకు కట్టుకొని రైలెక్కి నాంపల్లి టేషన్ల దిగిండు..."

1907లో కట్టిన ఆ స్టేషన్‌ను ఆమె అప్పటికి చూడనేలేదు. రైలన్నది ఎక్కడెక్కినా నాంపల్లిలోనే దించుతుందని ఆమె లెక్క. పటేలు కొడుకు సినిమాలు చూశాడు, సోపతిగాళ్లకు బిర్యానీలు తినిపించాడు, పైసలైపోయాక ఇరానీ హోటల్లో కప్పులు కడిగాడు. పందుల పొట్టు దాకా కూడా వచ్చేది కథ, కానీ మాకు ఏడుపొచ్చేది కప్పుల దగ్గరే. తెల్లారుజామున చన్నీళ్లతో కప్పులు కడగడమంటే మాకు అర్థమయ్యే కష్టం.

తిరిగొచ్చే ఘట్టంలో అమ్మ గొంతు మారేది. "తండ్రి దూరంకెల్లి చూసిండు. ఉరికిండు. అరే, పటేలు ఎన్నడన్న ఉరుకుతడా? ధోతి ఎత్తిపట్టుకొని, ఊరోళ్లంత చూస్తుంటె ఉరికిండు!" పెద్దమనిషి పరిగెత్తడమే ఈ కథకు ప్రాణమని తర్వాత ఎందరో పండితులు వ్యాఖ్యానాల్లో రాసింది చదివాను. మా అమ్మ వాళ్లెవర్నీ చదవలేదు. ఆమెకు మా ఊరి పటేలు నడక తెలుసు.

ఇక పెద్దకొడుకు. పొలం నుంచి వచ్చి, ఇంట్లో డప్పులు విని, అలిగి వాకిట్లో నిలబడిపోయాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. అక్కడ ఆపేసేది అమ్మ.

"లోపటికి పోయిండా అమ్మా?"

"నాకేం ఎరుక. నువ్వైతే పోతవా?"

ఆ రోజు నా పలక పగలగొట్టిన తమ్ముడితో నేను మాట్లాడటం లేదు. అమ్మకు ఆ సంగతి తెలుసు. నేను జవాబివ్వకుండా అటు తిరిగి పడుకున్నాను. పెద్దయ్యాక లూకా 15వ అధ్యాయం స్వయంగా చదువుకున్నప్పుడు ఉలిక్కిపడ్డాను. కథ నిజంగానే అక్కడే ఆగిపోతుంది. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడో లేదో ఎక్కడా లేదు. అమ్మ మర్చిపోయిందనుకున్నాను ఇన్నాళ్లూ. ఉన్నదే చెప్పిందామె.

అచ్చు, రాగం, గబ్బిలం

క్రైస్తవం తెలుగులోకి పుస్తకంతో వచ్చింది. తెలుగు అక్షరాలు మొదట అచ్చుపడ్డ పుస్తకాలు బెంజమిన్ షుల్జ్ అనే మత ప్రచారకుడు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్నంలో వేయించినవి. కానీ పరదేశంలో పోసిన అక్షరాలతో పుస్తకం తయారవుతుందేమో గానీ జనం నాలుక మీదికి పాట రాదు. దానికి పర్లాకిమిడి వైపు పుట్టిన పురుషోత్తమ చౌధరి (1803–1890) లాంటివాళ్లు కావలసి వచ్చింది. పుట్టుకతో బ్రాహ్మణుడు, 1833లో బాప్తిస్మం తీసుకున్నాడు. విదేశీ బాణీలకు తెలుగు మాటలు అతికించే పని ఆయన పెట్టుకోలేదు. తనకొచ్చిన రాగాలు, తాళాలు, పల్లవి, చరణం, వాటితోనే కీర్తనలు కట్టాడు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట లేకుండా దొరికినా నేను గుర్తుపట్టగలిగానంటే ఆ నెత్తిన ఉన్న రాగం పేరు వల్లే.

ఇక గుర్రం జాషువా. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టాడు. మాటల్లేని సినిమాల రోజుల్లో రాజమండ్రిలో తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు చదివే వాచకుడిగా పనిచేశాడు. కథ చెప్పి పొట్టపోసుకోవడమంటే అది. ప్రేక్షకుడి ముఖం ఎదురుగానే ఉంటుంది, విసుగొస్తే అక్కడే ఈలలు పడతాయి. తర్వాత బడిపంతులు, తెలుగు పండితుడు. అంటరానివాడని పైవాళ్లు దూరం పెట్టారు. పురాణ కథలు పద్యాలు కడుతున్నాడని సొంత మతంవాళ్లూ దూరం పెట్టారు. ఆయన రెండు వాకిళ్లకూ బయటే కూర్చుని రాశాడు.

1932లో 'ఫిరదౌసి' రాశాడు. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానన్న గజనీ సుల్తాను మాట తప్పి వెండి పంపిన గాథ. పర్షియాలోని ముస్లిం కవికి జరిగిన అన్యాయాన్ని వినుకొండ క్రైస్తవుడు తెలుగు పద్యంలో చెప్పాడు. రచయితకు రావలసిన కూలి గురించి మన భాషలో అంతకన్నా ఘాటైన కావ్యం నేను చదవలేదు. నా తొలి కథకు నలభై రూపాయల మనియార్డరు వచ్చినప్పుడు పోస్టుమాన్‌కు అయిదు రూపాయలిచ్చి, మిగతాదాంతో ఆబిడ్స్‌లో కొన్న పుస్తకాల్లో అదొకటి.

1941లో 'గబ్బిలం' వచ్చింది. అంటరానివాణ్ని గుళ్లోకి రానివ్వరు. గబ్బిలాన్ని మాత్రం ఎవరూ ఆపరు, గర్భగుడి కప్పుకే వేలాడుతుంది. అందుకని ఆ పేదవాడు తన బాధ కాశీలోని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. కాళిదాసు మేఘాన్ని పంపిన పద్ధతే. జాషువా 'క్రీస్తు చరిత్ర' కూడా రాశాడు, దానికి 1964లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. అయినా ఆయన రాతల్లో క్రైస్తవం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ముందు 'గబ్బిలం' తీసి చూపిస్తాను. దెబ్బలు తిని దారిలో పడున్న మనిషి దగ్గర ఆగిన కావ్యం అది. బైబిలు కథ ఒక్కటీ అందులో లేకపోవడం నాకు లోటుగా అనిపించలేదు.

తర్వాతి తరంలో కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' లాంటి కథలతో వెలివాడ బతుకును తెలుగు కథ నడిమధ్యకు తెచ్చారు. బయటి దేశాల్లోనూ ఇట్లాంటి రచయితలున్నారు. ఇంగ్లండులో జాన్ బన్యన్ అనుమతి లేకుండా బోధించాడని పన్నెండేళ్లు జైల్లో ఉన్నాడు. 1678లో అచ్చయిన ఆయన 'యాత్రికుని ప్రయాణము' మా నాన్న ట్రంకుపెట్టెలో బైబిలు పక్కనే ఉండేది. అమెరికాలో ఫ్లానరీ ఓకానర్ అనే కాథలిక్ రచయిత్రి ముప్పై తొమ్మిదేళ్లకే 1964లో చనిపోయింది. ఆమె కథల్లో చాలామంది భక్తులు కారు. గర్విష్ఠులు, మోసగాళ్లు, కులగజ్జి లాంటి వర్ణగజ్జి పట్టినవాళ్లు. దయ వాళ్ల మీద పిడుగులా పడుతుంది.

రెండు తిరుగుటపాలు

కోర్టులో బోనెక్కిన ఆ ముసలమ్మ మీద రాసిన కథకు 'మందు' అని పేరు పెట్టాను. కథలో ఆమెను క్రైస్తవురాలిని చేశాను, ఎందుకంటే నాకు తెలిసిన ముసలమ్మలు మా అమ్మ, మా మేనత్తలు. వాళ్ల ప్రార్థన నాకు తెలుసు, వాళ్లు దేవునితో పేచీ పెట్టుకునే తీరు తెలుసు.

ముందు ఒక చర్చి మాసపత్రికకు పంపాను. జవాబొచ్చింది. కథ బాగుంది, అయితే చివర్లో ఆ అబ్బాయి పశ్చాత్తాపపడి ప్రార్థన చేసినట్టు రాయండి, ఒక వాక్యం చేర్చండి. నేను చేర్చలేదు. ఆ అబ్బాయి ఏమయ్యాడో నాకు తెలియదు. చూడనిది చెబితే అది నా ఉద్యోగధర్మానికే విరుద్ధం.

తర్వాత ఒక వారపత్రికకు పంపాను. జవాబొచ్చింది. కథ బాగుంది, అయితే ఆమె చర్చికి పోవడం, కీర్తన పాడుకోవడం అనవసరం, తీసేయండి. అదీ తీయలేదు. గుడి అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కథలో అరుగు తీసేయమని ఎవరైనా అంటారా? మసీదు మెట్ల మీద కూర్చున్నాయన కథలో మెట్లు తీసేయమంటారా?

కానీ ఆ వారపత్రికవాళ్లు ఇంకో మాట కూడా రాశారు. చివరి పేరాలో రచయిత పాఠకుడికి నీతి చెబుతున్నాడు అని. కోపమొచ్చింది. వారం తర్వాత చల్లబడ్డాక చదివితే నిజమే. ఆరు వాక్యాల ప్రసంగం చేశాను. కొట్టేశాను. ఆమె బొటనవేలి సిరా కొంగుకు తుడుచుకోవడంతో ఆగిపోయింది కథ. మూడేళ్ల తర్వాత వేరే పత్రికలో వచ్చింది.

యూత్ అబ్బాయికి నేను చెప్పదలచుకున్నది ఇందులోనే ఉంది. చివర్లో వాక్యం పెట్టాలా వద్దా అన్నది పెద్ద సంగతి కాదు. నీ కథలో పుండు కనిపించిందా, అది అడుగు ముందు. రంగు మర్చిపోయినా ఫరవాలేదు. మంచివాళ్లను మరీ మంచివాళ్లుగా రాయకు. పేతురు మూడుసార్లు అబద్ధమాడాడని నాలుగు సువార్తలూ దాచకుండా రాశాయి. సంఘానికి పెద్దదిక్కు మీద అట్లాంటి సంగతి బయటపెట్టడానికి మన సావనీర్ కమిటీలు ఒప్పుకుంటాయా? మతం మార్పిడి గురించి రాస్తే మారినవాడి అమ్మ ఏడుపు కూడా రాయి. బైబిలు గ్రాంథికం సాక్ష్యం చెప్పేవాడి నోట్లో ఉంటే ఉండనీ, మనవాళ్లు నిజంగానే అట్లా మాట్లాడతారు. కథ చెప్పే నీ నోట్లోకి మాత్రం దాన్ని రానివ్వకు.

ఇంకోటి, డబ్బు రాదు. ఫిరదౌసికే రాలేదు.

చదివి వినిపించడం

కోర్టులో వాంగ్మూలం అడుగున ఒక పొట్టి గుర్తు వేస్తారు. ఆర్.ఓ. అండ్ ఏ.సి. చదివి వినిపించగా సరియని ఒప్పుకున్నారు అని దానర్థం. చెప్పినవాడికి చదివి వినిపించాలన్నది నియమం. సాక్షి అప్పుడప్పుడు "అట్ల కాదు సార్, నేను అట్ల అనలేదు" అని ఆపుతాడు. దిద్దుతాం.

కథ రాసేవాళ్లలో ఈ పని చేసేవాళ్లు తక్కువ. మనం పేదల గురించి రాస్తాం, పేదలకు చదివి వినిపించం. అమ్మ గురించి రాస్తాం, అమ్మకు వినిపించం. నేనూ ఒకసారే చేశాను. అమ్మ నాంపల్లిలో మా ఇంట్లోనే ఉన్న చివరి సంవత్సరాల్లో, నాంపల్లి టేషన్ల దిగిన తప్పిపోయిన కుమారుడి కథ ఆమె చెప్పినట్టే రాసి చదివాను. రైలు కూత వినబడే ఇల్లు మాది. కళ్లు మూసుకుని వింది. పెద్దకొడుకు వాకిట్లో నిలబడిన దగ్గర ముగించాను.

"బాగ రాసినవు," అంది. కాసేపాగి, "గని కప్పులు గాదు. నేను ప్లేట్లు గడిగిండు అన్న" అంది.

నాకు కప్పులని గట్టిగా గుర్తు. ఇప్పటికీ కప్పులే గుర్తు. అయినా దిద్దాను. సాక్షి ఆమె.

మీ ఇళ్లలోనూ ఇట్లా కథలు చెప్పే పెద్దవాళ్లుంటారు. రామాయణాన్ని మీ ఊరి చెరువు గట్టు మీద జరిపించే అమ్మమ్మ కావచ్చు, కర్బలా కథ చెబుతూ కన్నీళ్లు పెట్టుకునే నానీమా కావచ్చు, ఆదివారం కీర్తన ఎత్తుకునే మేనత్త కావచ్చు. వాళ్లు పోయాక పుస్తకం మార్జిన్‌లో "అమ్మది" అని పెన్సిలుతో రాసుకుంటే మిగిలేది ఆ ఒక్క మాటే. ఈ వారమే ఒక నోటుబుక్కు పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాయండి. రాశాక తప్పకుండా వాళ్లకు చదివి వినిపించండి.